కెముంతోకి ఉద్యోగం సృష్టించిన విధం

కూరగాయలు అమ్మడం ఇకమీదట వ్యాపారం కాదనీ, అదొక డిజిటల్ వేదిక అనీ మా వేగవర్ధన శాఖ మంత్రిగారు నైరోబీలోని ఒక పెద్ద హోటల్లో ప్రకటించారు. (ఆ పూట హోటల్లో వడ్డించిన కూరలు మాత్రం వ్యాపారం ద్వారానే వచ్చాయి.) దేశం ఒక్క గెంతులో యాభై ఏళ్ళు ముందుకు దూకబోతోందని కూడా అన్నారు. దూకి ఎవరి మీద పడుతుందో చెప్పలేదు.

నైరోబీలోని మా కవాంగ్వారే పేటలో మటాటు బస్సులు ఆగే మూల మీద కెముంతో పంతొమ్మిదేళ్ళుగా సుకుమా ఆకుకూర, టమాటాలు అమ్ముతోంది. పొద్దున్నే పెద్ద మార్కెట్టుకు వెళ్ళి ఆవిడ సరుకు బేరమాడితే, బరాసా తన తోపుడు బండి మీద తెచ్చి దింపేవాడు. పక్కనే నాకు జిరాక్స్ కొట్టుంది కాబట్టి ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది.

ఒకరోజు ఆ మూలకి ఫ్లెచర్ అనే ఆయన వచ్చాడు. సోకోరూకా అనే స్టార్టప్ పెట్టాడు. దేశానికి వచ్చి ఏడు వారాలైంది. అందులో ఆరు వారాలు సముద్రతీరంలో గడిపాడు. ఆఫ్రికా కూరగాయల మార్కెట్టు లోతుపాతులు తెలిసిన మనిషని పెట్టుబడిదారులు ఆయన్ని నమ్మారు.

"మీ అసలు సమస్య ఏమిటో తెలుసా అండీ?" అని అడిగాడు.

"మోకాళ్ళు," అంది కెముంతో.

"కాదు. దళారులు. రైతుకీ తినేవాడికీ మధ్యలో దూరేవాళ్ళు."

"మధ్యలో ఉన్నది నేనే కదయ్యా!"

ఫ్లెచర్ ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నాడు.

కంపెనీ కిలో టమాటా వంద షిల్లింగులకు కొని, కెముంతోకి అరవైకే ఇంటికి పంపుతుంది. మా వీధిలో దీన్ని తెలివితక్కువతనం అంటారు. పెట్టుబడిదారులు ఎదుగుదల అంటారు. నష్టం ఎంత పెరిగితే కంపెనీ విలువ అంత పెంచుతారు. షరతు ఒక్కటే: ఆవిడ ఇంట్లో కూర్చుని కంపెనీ యాప్‌లోనే అమ్మాలి. నిబంధన 9 ప్రకారం, భాగస్వామి, అంటే కెముంతో, ఫోనులో తప్ప మరెక్కడా కనిపించరాదు. కెముంతో రెండు రోజులు ఆలోచించి, మోకాళ్ళు పట్టుకుని లేచి, గోనెపట్టా చుట్టేసి ఇంటికి వెళ్ళింది. ఖాళీ అయిన మూలలో ఒకాయన ఫోను కవర్లు పరిచాడు.

బరాసా బండికి కంపెనీ వాళ్ళు ఆకుపచ్చ రంగు వేసి, అతనికి 'చివరి మైలు సారథి' అని బిళ్ళ ఇచ్చారు.

"అక్కా, అన్ని మైళ్ళూ నేనే లాగుతున్నా కదా. చివరిదొక్కటే రాశారేంటి?"

"డబ్బులిచ్చేది దానికొక్కదానికేనేమో రా," అంది కెముంతో.

ఆవిడ చెప్పిందే నిజమైంది.

ఆ తర్వాత విమానాల్లో పెట్టుబడిదారులు దిగారు. కెముంతో ఫొటో తీశారు, ఆవిడ చేతిలో పెట్టడానికి టమాటాలు వాళ్ళే తెచ్చుకున్నారు. ఆ ఫొటోతో కంపెనీ విలువ ఒక జిల్లాలోని టీ తోటలన్నిటి విలువనూ దాటింది. సృష్టించిన ఉద్యోగాల జాబితాను శాఖవాళ్ళు నా కొట్టులోనే జిరాక్స్ తీయించారు. అందులో 211 కెముంతో, 212 బరాసా. ఓ కాపీ ఎక్కువ తీసి ఆవిడకి చూపించాను.

"నాకు ఉద్యోగం ఎప్పుడొచ్చింది?"

"మొన్న మే నెలలో."

"మరి ఆ పంతొమ్మిదేళ్ళూ ఏం చేశానంట?"

"కాగితంలో నిరుద్యోగి అని ఉంది."

ఆవిడ కాగితాన్ని దూరంగా పట్టుకుని మళ్ళీ చూసింది. "నిరుద్యోగంలోనే ముగ్గురు పిల్లల్ని చదివించాను చూడు," అంది.

రెండేళ్ళకి విదేశాల్లో పెట్టుబడిదారులకు కూరగాయల మీద మోజు తీరింది. ఒక మంగళవారం అందరి ఫోన్లకీ సందేశం వచ్చింది: 'మన ప్రయాణం ఒక అందమైన మలుపు తిరిగింది.' తర్వాత యాప్ తెరుచుకోలేదు. సందేశం రెండో పేరాలో, ఆకుపచ్చ రంగు కంపెనీ ఆస్తి కనుక ఏడు రోజుల్లో తొలగించాలని ఉంది. బరాసా బండిని రెండు రోజులు చాకుతో గీకాడు.

"రంగుతో పాటు చెక్క కూడా లేచొస్తోందక్కా."

"చెక్క మనదే. మెల్లిగా గీకు."

ఇద్దరూ కలిసి ఊరికి అటువైపు కంపెనీ ఆఫీసున్న అద్దాల మేడకి వెళ్ళారు. గేటు దగ్గర కాపలా పెద్దాయన ఆపాడు.

"ఎవరు కావాలమ్మా?"

"ఫ్లెచర్."

"వెళ్ళిపోయాడు."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"కుర్చీలు కూడా వెళ్ళిపోయాయి తల్లీ."

కెముంతో తిరిగి తన మూలకి వచ్చింది. "ఇది నా చోటు బాబూ," అంది ఫోను కవర్లాయనతో.

"ఎప్పటి మాటమ్మా అది? రెండేళ్ళుగా నేనే కూర్చుంటున్నా. నాకూ ఇల్లుంది," అన్నాడతను. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ రోడ్డు దాటి, మురుగు కాలువ పక్కన గోనె పరిచింది. అక్కడికి రావాలంటే కాలువ దూకాలి. పాత బేరాల్లో దూకినవాళ్ళు తక్కువ. మొదటి రోజు సాయంత్రానికి మూడు ఆకుకూర కట్టలు అమ్ముడుపోయాయి. ఒకటి నేను కొన్నాను.

"జాలిపడి కొనకు. ఆకలేస్తే కొను," అంది, నా మొహం చూడకుండా.

ఆ వారమే వేగవర్ధన శాఖ నుంచి ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని, జాగ్రత్తగా కాలువ దాటి వచ్చింది.

"సంస్థ పేరు చెప్పండమ్మా."

"ఏ సంస్థ? నేను కెముంతోని."

"కెముంతో," అని నొక్కుకుంది. "ఈ చోట ఎప్పటినుంచీ ఉన్నారు?"

"సోమవారం నుంచి."

"అభినందనలండీ," అని చెయ్యి కలిపి, తర్వాతి గోనె దగ్గరికి నడిచింది.

గడిచిన మూడు నెలల్లో మా దేశంలో పుట్టినన్ని కొత్త సంస్థలు ఖండంలో ఇంకెక్కడా పుట్టలేదని శాఖ నివేదిక విడుదలైంది. అవి మురుగు కాలువల పక్కనే ఎక్కువగా ఎందుకు పుడుతున్నాయో అధ్యయనం చేయడానికి ఒక స్టార్టప్‌కి పెట్టుబడి మంజూరైంది.