శాస్త్రీయంగా పూడ్చని గొయ్యి

"ఇకమీదట ఈ ప్రభుత్వం ఒక్క గొయ్యిని కూడా రుజువు లేకుండా పూడ్చదు!"

రహదారుల మంత్రిగారు ఈ మాట అనగానే హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. ఇన్నాళ్లూ గోతులు ఎందుకు పూడ్చడం లేదో తెలియక జనం లేనిపోనివన్నీ అనుకునేవారు. కారణం ఇంత గొప్పదని ఎవరి ఊహకీ అందలేదు.

అది ఒక సామాజిక పరిశోధనా సంస్థ వార్షిక సభ. లాభాపేక్ష లేని సంస్థ. చాలా ఏళ్లుగా సమాజాన్ని అహోరాత్రాలు పరిశోధిస్తోంది. సమాజానికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు.

"రోడ్డు మీద గొయ్యి పూడిస్తే ప్రజలకు నిజంగా సంతోషం కలుగుతుందా? కలుగుతుందని మనమే అనుకుంటున్నామా? ఒక ఏడాది పరిశోధించి చెప్పండి. ఆ తర్వాత పూడ్చాలో వద్దో నేను చెబుతాను," అంటూ మంత్రిగారు గ్రాంటు కాగితం డైరెక్టరుగారి చేతిలో పెట్టారు. డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి. పోయిన ఏడాది ఇలాగే క్యూలో నిలబడేవాళ్ల మనోభావాల మీద పరిశోధన చేసి, వాళ్లకి నిలబడటం ఇష్టం లేదని తేల్చిన మహానుభావుడాయన.

వెనక వరసలో కూర్చున్న సర్వేయమ్మ కూడా చప్పట్లు కొట్టింది. సంస్థలో ఆమె ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే ఉద్యోగం కాబట్టి అందరూ సర్వేయమ్మ అనే పిలుస్తారు. ఏటా కాంట్రాక్టు పొడిగిస్తేనే ఆ ఉద్యోగానికి ఊపిరి. పొడిగించే నెలలో ఆమె డైరెక్టరుగారి జోకులకి అందరికంటే ముందు నవ్వుతుంది.

మర్నాడు డైరెక్టరుగారు ఆమెను పిలిచి పని వివరించారు.

"రెండు వీధులు తీసుకుంటాం. రెండిట్లోనూ గొయ్యి ఉంటుంది. ఒకటి పూడుస్తాం. రెండోది ముట్టుకోం. ఏడాది తర్వాత రెండు వీధుల సంతోషాన్నీ కొలిచి, పక్కపక్కన పెట్టి చూస్తాం. ముట్టుకోని దాన్ని కంట్రోల్ వీధి అంటారు."

"ఆ వీధివాళ్లు ఒప్పుకుంటారా సార్?"

"వాళ్లకి మనం ఏం చేస్తున్నామని? ఏమీ చెయ్యకపోవడానికి కూడా ఒప్పుకోవాలా?"

పరిశోధనలో పక్షపాతం ఉండకూడదు కాబట్టి నాణెం ఎగరేశారు. అది బల్ల కిందికి దొర్లింది. డైరెక్టరుగారు స్వయంగా వంగి చూసి, కంట్రోల్ వీధి పేరు ప్రకటించారు. అది సర్వేయమ్మ వీధే.

"సార్, మా ఇల్లు అక్కడే."

"అద్భుతం! ప్రయాణం ఖర్చు కలిసొచ్చింది."

"మా అత్తయ్య ఆ గొయ్యి దాటలేకపోతున్నారు సార్."

"ఇంకా అద్భుతం! ఇంట్లోనే శాంపిల్!" అని డైరెక్టరుగారు గొంతు తగ్గించారు. "ఈ ప్రాజెక్టు చక్కగా నడిపించారంటే మీ పోస్టు పర్మనెంటు చేయిస్తాను. ఒక్క ఏడాదే కదా. తర్వాత మీ గొయ్యి కూడా ఎలాగూ పూడుస్తారు."

ఆ గొయ్యి సంగతి కొంచెం చెప్పాలి. వీధి ఇరుకు, గొయ్యి విశాలం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దర్జాగా పరుచుకుని ఉంటుంది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు గెంతుతారు. బళ్లవాళ్లు తిట్టుకుంటూ వెనక్కి తిరుగుతారు. సర్వేయమ్మ అత్తగారు ఒకసారి జారిపడి చాలాకాలం మంచం దిగలేదు. అప్పటి నుంచి దాటడం మానేసింది. ఆవిడ సొంత అక్క ఇల్లు గొయ్యి అవతలే. సాయంత్రమైతే అక్క అవతలి మెట్ల మీద, చెల్లెలు ఇవతలి మెట్ల మీద కూర్చుని కేకలేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. వాళ్ల ఇంటి గుట్లన్నీ వీధిలో అందరికీ కంఠతా వచ్చు.

ఆ రోజు అన్నాలు తింటుండగా సర్వేయమ్మ నెమ్మదిగా విషయం కదిపింది.

"ఏడాదిపాటు మన గొయ్యి పూడ్చరట అత్తయ్యా."

"ఇన్నేళ్లూ పూడ్చారా ఏం?"

"అప్పుడు ఊరికే పూడ్చలేదు. ఇప్పుడు శాస్త్రీయంగా పూడ్చరు."

"తేడా ఏమిటే?"

"రిపోర్టు వస్తుంది."

"వచ్చాక పూడుస్తారా?"

"పూడుస్తారు. నాదీ హామీ. మీరు నడిచి పెద్దత్తయ్య ఇంటికి వెళ్దురుగాని."

ఇంత చర్చ జరుగుతున్నా ఆమె భర్త కంచంలోంచి తల ఎత్తలేదు. ఇంటి వ్యవహారాల్లో ఆయన మొదట్నుంచీ కంట్రోల్ గ్రూపే.

పరిశోధన మొదలైన కొత్తలోనే ఒక దుర్ఘటన జరిగింది. అదే వీధిలో ఉండే తాపీమేస్త్రీ ఎక్కడో కూలగొట్టిన గోడ రాళ్లు బండి మీద తెచ్చి గోతిలో పోశాడు. కబురు అందగానే డైరెక్టరుగారు పరుగెత్తుకొచ్చారు.

"బేస్‌లైన్ పోయింది! మొదటి కొలత మొత్తం పోయింది!" అని ఆయన తల పట్టుకుంటే, చూసిన వాళ్లంతా అయ్యో పాపం అన్నారు.

మేస్త్రీకి అర్థం కాలేదు. "రాళ్లు నావి, బండి నాది, చేతులు నావి. మీకేం నష్టమండీ?"

"నువ్వు అనుమతి లేకుండా జనానికి సంతోషం కలిగిస్తున్నావయ్యా!"

వెంటనే కూలీలను పెట్టి రాళ్లు తీయించారు. కాని ఎంత లోతు వరకూ తీయాలి? మొదటి సర్వేలో 'మోకాలి లోతు' అని ఉంది. ఎవరి మోకాలు అనేది లేదు. తర్జనభర్జన జరిగాక డైరెక్టరుగారే ప్యాంటు మడిచి గోతిలోకి దిగారు. "ఇంకొంచెం తవ్వండి... ఇంకొంచెం... ఆఁ, చాలు!" అన్నారు. ఆ గొయ్యి పుట్టాక ఒక పెద్దమనిషి అందులో స్వయంగా దిగడం అదే మొదలు. వీధి వీధంతా కదిలిపోయింది.

మళ్లీ ఎవరూ పూడ్చకుండా గొయ్యి చుట్టూ కమ్మీలు వేయించారు. దాటేవాళ్లకి ఒక చిన్న గేటు పెట్టారు. పైన లైటు పెట్టారు. ఒక వాచ్‌మన్‌ని పెట్టారు. అత్తగారు అతన్ని, "నాయనా, కాస్త చెయ్యి పట్టుకుని అవతలికి దాటించవూ?" అని అడిగింది.

"దాటించకూడదంట పిన్నిగారూ. పరిశోధనలో చెయ్యి పెట్టినట్టంట, దాన్ని ఇంటర్వెన్షన్ అంటారంట. నా ఉద్యోగం పోతుంది," అన్నాడు వాచ్‌మన్, నిజంగానే బాధపడుతూ.

అప్పుడు సర్వేయమ్మ భర్త తన జీవితంలో మొదటిసారి ఒక పని చేశాడు. ఎక్కడినుంచో ఒక పొడుగాటి చెక్క తెచ్చి గోతికి అడ్డంగా వేశాడు. అత్తగారు మంచి చీర కట్టుకుంటూ ఉండగానే డైరెక్టరుగారు తనిఖీకి వస్తున్నారని ఫోనొచ్చింది. సర్వేయమ్మ ఆ చెక్కని తన చేతులతోనే లాగి పక్కన పడేసింది. గుమ్మంలోకి వచ్చిన అత్తగారు అది చూసి, లోపలికి వెళ్లి చీర మార్చుకుంది. ఆ సాయంత్రం అక్క ఎంత పిలిచినా పలకలేదు. సర్వేయమ్మకి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఆ చెక్క మీద కోపంతో రెండు రోజులు మొగుడితో కూడా మాట్లాడలేదు.

తర్వాత ఇంకా పెద్ద గండం వచ్చింది. ఒక ఉదయం రోడ్డు పనివాళ్లు తారు డబ్బాలతో, రోలరుతో వీధిలోకి దిగారు. పూడ్చాల్సిన వీధికి వెళ్లబోయి పొరపాటున ఇటు వచ్చారు. సర్వేయమ్మ, వాచ్‌మన్, హుటాహుటిన వచ్చిన డైరెక్టరుగారు ముగ్గురూ రోలరుకి అడ్డంగా నిలబడ్డారు.

"బాబ్బాబు, మీకు దణ్ణం పెడతాం! పూడ్చకండి!"

పనివాళ్ల పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రోడ్డు వెయ్యలేదని తన్నడానికొచ్చినవాళ్లని చూశాను గాని, వెయ్యొద్దని బతిమాలేవాళ్లని నా సర్వీసులో చూళ్లేదు."

ఆ అయోమయంలో వాళ్లు పూడ్చాల్సిన వీధికి వెళ్లి, డబ్బాల్లో తారు అప్పటికే గడ్డకట్టిపోతుంటే ఏదో పైపైన పూసి వచ్చేశారు. మొదటి వానకే అది కొట్టుకుపోయి, ఆ వీధి గొయ్యి మునుపటికంటే ఆరోగ్యంగా తయారయింది. కాంట్రాక్టరుని అడిగితే, "మేం పూడ్చాం. అదే తెరుచుకుంది," అన్నాడు.

"సార్, ఇప్పుడు రెండు వీధుల్లోనూ గొయ్యే ఉంది," అంది సర్వేయమ్మ.

"కంటికి కనిపించేది వేరు, సైన్సు వేరు. మన లెక్కలో అది పూడ్చిన గొయ్యి," అన్నారు డైరెక్టరుగారు.

సర్వే మాత్రం నెలనెలా ఠంచనుగా జరిగింది. ఆ పూడ్చిన వీధిలో ఆమెని చూడగానే తలుపులు వేసేవారు. తన వీధిలో ఆఖరి ఇల్లు తనదే. అత్తగారి ఎదురుగా కూర్చుని, నిబంధనల ప్రకారం మర్యాదగా అడిగేది.

"గొయ్యి విషయంలో మీరు ఎంత తృప్తిగా ఉన్నారండీ? చాలా, కొంచెం, అస్సలు లేదు?"

"అడుగుతున్నది నువ్వా, మీ ఆఫీసా?"

"ఆఫీసండీ."

"అయితే ఆ కుర్చీలో కూర్చోండి. కాఫీ తాగుతారా?"

మొదట్లో అత్తగారు "అస్సలు లేదు" అని ఖండితంగా చెప్పేది. పోనుపోను "కొంచెం" అనడం మొదలుపెట్టింది. సర్వేయమ్మ ఆశ్చర్యపోయి, ఆఫీసుని కాసేపు పక్కన పెట్టి, "అదేమిటి అత్తయ్యా?" అని అడిగింది.

"నెలకోసారి ఎలా ఉన్నావని అడిగే మనిషొకరు వస్తున్నారు. లైటు వెలుగుతోంది. ఆ కాపలా అబ్బాయి నోరారా పిన్నిగారూ అంటాడు. ఇంతమంది ఇంత అవస్థ పడుతుంటే అస్సలు లేదనడానికి నాకు నోరెలా వస్తుందే?"

వీధి మొత్తం ఇంచుమించు ఇదే జవాబు చెప్పింది.

ఏడాది గడిచింది. మళ్లీ వార్షిక సభ, మళ్లీ మంత్రిగారు. పూడ్చిన వీధిలో తృప్తి అడుగంటిందని, పూడ్చని వీధిలో అమాంతం పెరిగిందని డైరెక్టరుగారు తెర మీద బొమ్మలు వేసి చూపించారు. మంత్రిగారు కుర్చీ అంచుకి జరిగారు.

"అంటే పూడ్చినచోట ఏడుస్తున్నారు, పూడ్చనిచోట నవ్వుతున్నారు! నాకు ఎప్పట్నుంచో అనుమానమే!"

సర్వేయమ్మ ఇక ఉండబట్టలేక లేచి నిలబడింది. "సార్, ఆ వీధిలో పూడ్చింది నిలవలేదు సార్. మా వీధివాళ్లు నవ్వుతున్నది గొయ్యి ఉన్నందుకు కాదు. ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తున్నందుకు. అంతే సార్."

మంత్రిగారు ఆమెనే చూస్తూ, "ఏమన్నావమ్మా? పలకరిస్తే చాలా?" అన్నారు.

"చాలదు సార్, కాని..."

"ఇంత చవగ్గానా!" అని మంత్రిగారు లేచి మైకు అందుకున్నారు. ఇకనుంచి ఏ గొయ్యినీ పూడ్చేది లేదని, ప్రతి గోతికీ కమ్మీలు, లైటు, నెలనెలా పలకరించే ఒక మనిషి ఉంటారని అక్కడికక్కడే కొత్త పథకం ప్రకటించారు. నిజం నిర్భయంగా చెప్పినందుకు సర్వేయమ్మకి ఆ పథకంలో మొట్టమొదటి పర్మనెంటు పోస్టు, ఆమె వీధి గోతికే ఇచ్చారు. చప్పట్లు ఆగలేదు.

"గొయ్యి ఉన్నంతకాలం మీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఒకవేళ గొయ్యి పోతే పోస్టు కూడా పోతుంది. జాగ్రత్త!" అని డైరెక్టరుగారు మెట్ల దగ్గర చెవిలో చెప్పారు.

సర్వేయమ్మ ఇంటికి వచ్చేసరికి వీధంతా గొయ్యి దగ్గరే ఉంది. ఏడాది గడువు తీరింది కదా అని మేస్త్రీ మళ్లీ బండెడు రాళ్లు తెచ్చుకుని సిద్ధంగా ఉన్నాడు. కమ్మీల పక్కన అత్తగారు, అదే మంచి చీరలో. అవతల అక్క అప్పుడే చేతులు చాచి నిలబడింది.

"పర్మనెంటయిందా?" అంది అత్తగారు.

"అయింది అత్తయ్యా."

"మా తల్లే! ఎన్నాళ్ల వరకూ?"

"గొయ్యి ఉన్నన్నాళ్లు."

సర్వేయమ్మ అత్తగారి చీరవైపు చూసింది. ఆ చెక్క గుర్తొచ్చింది. "వెయ్యి మేస్త్రీ! ఏమైతే అదయింది. వెయ్యి!" అంది. మేస్త్రీ మొదటి గంప గోతిలో బోర్లించాడు.

"ఆగరా! చెయ్యి తియ్యి!" అని అత్తగారు అంత మోకాళ్ల నొప్పితోనూ ఒక్క అంగలో బండికి అడ్డం వెళ్లింది. "ఎక్కడనుకున్నావు పోస్తున్నది? అది మా కోడలి ఉద్యోగం!"

"ఏమే, నువ్వు రావా?" అని అవతలినుంచి అక్క కేకేసింది.

"ఎలా వస్తానే అక్కా? మాకు పర్మనెంటయింది!"

తర్వాత అత్తగారు కొడుకుని పిలిచి గోతిలోకి దించింది. పడిన రాళ్లన్నీ ఏరి పైకి విసరమంది. వాచ్‌మన్ చేత కుర్చీ తెప్పించుకుని కమ్మీల పక్కన కూర్చుని, "ఇంకొంచెం తియ్యరా. డైరెక్టరుగారి మోకాలు ఇంకా కిందికుంటుంది," అని పురమాయించింది.

సర్వేయమ్మ ఏం చెయ్యాలో తోచక పక్కనే నిలబడింది. కాసేపటికి అత్తగారే తలెత్తి, "ఏమండీ సర్వేగారూ, ఈ నెల ప్రశ్న ఇంకా అడగలేదు," అంది.

"ఇప్పుడొద్దు అత్తయ్యా."

"అడగండి. ఉద్యోగం ఉద్యోగమే."

సర్వేయమ్మ అడిగింది. గొయ్యి విషయంలో మీరు ఎంత తృప్తిగా ఉన్నారండీ? చాలా, కొంచెం, అస్సలు లేదు?

అవతల అక్క చాచిన చేతులు దించి, మెట్ల మీద కూర్చుంటోంది. అత్తగారు అటే చూస్తూ, "చాలా అని రాసుకోండి," అంది.