కార్బన్ సైకిలును బాగుచేయించకండి

పాడైన వస్తువును పారేసి కొత్తది కొనుక్కోమనే ఈ కాలాన్ని అందరూ తిడుతున్నారు. నేను మాత్రం చేతులెత్తి దండం పెడుతున్నాను. సంసారాలను నిలబెడుతున్నది అదే మరి.

మా ఆవిడకు ఎర్రటి కార్బన్ ఫైబర్ సైకిలుంది. రోజూ దాని మీదే మా వీధి చివరి ఏటవాలు రోడ్డులో బాణంలా దిగి ఆఫీసుకు వెళ్తుంది. మొన్న ఆదివారం దాన్ని కారు టాప్ మీద కట్టి తెచ్చాను. అది పైన ఉన్న సంగతి మరిచి, కారును నేరుగా గరాజ్‌లోకి పోనిచ్చాను. ఫట్‌మంది. చూస్తే పెయింటు మీద చిన్న గీత, అంతే.

ఇనుప సైకిలైతే సొట్టపడి ఊరంతా చాటేది. కార్బన్‌కు ఎంత మర్యాద! లోపల చిట్లినా పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. నేనూ నోరు మెదపలేదు.

మర్నాడు ఆవిడ హెల్మెట్ పెట్టుకుంటుంటే నాకు ఆ ఏటవాలు రోడ్డు గుర్తొచ్చింది. సర్వీసింగ్ అని అబద్ధమాడి సైకిలును షోరూమ్‌కు తీసుకెళ్లాను.

"కార్బన్‌కి దెబ్బ తగిలితే ఇక అంతే సార్. పారేసి కొత్తది తీసుకోండి" అన్నాడు సేల్స్‌మన్. ఎలా తగిలిందని ఒక్క మాటైనా అడిగాడా? సంస్కారమంటే అదీ. కానీ ఎర్రది రావడానికి నెల పడుతుందన్నాడు. గత్యంతరం లేక రిపేరు షాపుకు వెళ్లాను.

అక్కడి మెకానిక్ నడివయసు మనిషి. ఆమె నాణెంతో ఫ్రేమంతా తట్టింది. టక్, టక్, టక్. గీత దగ్గర చప్పగా డబ్‌మంది.

"లోపల పొరలు విడిపోయాయి. ఎలా తగిలింది?"

"గాలికి పడింది."

"గాలికి పడితే పక్కన తగుల్తుంది. ఇది ముందు నుంచి గుద్దుకుంది. నిజం చెప్తే ఇంకెక్కడ చిట్లిందో వెతుకుతా. దీన్ని తొక్కేది మీరేనా?"

"మా ఆవిడ."

నాణెం బల్ల మీద పెట్టి నా వంక చూసింది. చెప్పేశాను. అప్పుడు హ్యాండిల్ కింద ఇంకో చీలిక దొరికింది. దాని మీద గీత కూడా లేదు.

ఆ సాయంత్రం ఇంట్లోనూ చెప్పేశాను. మా ఆవిడ అరవలేదు. "దిగేటప్పుడు నేను పట్టుకునేది ఆ హ్యాండిలే కదా" అంది.

మెకానిక్ చిట్లినంత మేరా రుద్ది తీసేసి, కొత్త పొరలు అతికించింది. "పెయింటేస్తే అసలు కనబడదమ్మా" అంది, సైకిలు తెచ్చుకోడానికి నాతో వచ్చిన మా ఆవిడతో.

"వద్దండీ. ఈయనకి కనబడాలి" అంది మా ఆవిడ.

ఇప్పుడు ఆ సైకిలుకు అరచేయంత నల్లమచ్చలు రెండు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అవేమిటని అడుగుతారు. మా ఆవిడ నా వంక చూస్తుంది. నేను కథ మొదలుపెడతాను. నిన్న కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయనకూ చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, "మా ఆవిడ సైకిలుకీ అలాంటిదొకటి జరిగింది సార్. ఇంకా చెప్పలేదు" అన్నాడు.

ఆయన సంసారం క్షేమం కోరి షోరూమ్ అడ్రసే ఇద్దామనుకున్నాను. కానీ వాళ్లావిడ కూడా ఆ ఏటవాలు రోడ్డులోనే దిగుతుందట. మెకానిక్ నంబరు రాసిచ్చాను.