తెల్ల వినైల్ కంచె మాహాత్మ్యం

మనిషి కనిపెట్టిన వాటిలో గొప్పది ఏదని అడిగితే కొందరు విమానం అంటారు, కొందరు పెనిసిలిన్ అంటారు. పాపం, వాళ్లెవరూ పెరట్లో వినైల్ అనే గట్టి ప్లాస్టిక్ కంచె వేయించుకున్నవాళ్లు కారు. నేను వేయించుకున్నాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఆరడుగుల ఎత్తు, మంచు తెలుపు. చెద పట్టదు, కుళ్లదు, ఏటేటా రంగు వేయమని ప్రాణం తీయదు. చెక్క కంచె అయితే నున్నటి వైపు మనకుండాలా, పక్కింటికుండాలా అని మా ఇండియానాలో మాటలు మానేసిన కుటుంబాలున్నాయి. వినైల్‌కు ఆ గొడవే లేదు, రెండు వైపులా ఒకటే మొహం. ఎండ పడితే ఎంతలా మెరుస్తుందంటే, జూన్ నెల నుంచి మా ఆవిడ నార్మా చలువ కళ్లద్దాలు పెట్టుకునే బంగాళాదుంపల తొక్క తీస్తోంది. కాకులు సైతం దాని మీద వాలేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నాయి!

అయినా దాని అసలు మహిమ ఇవేవీ కావు. అది మన బదులు మాట్లాడుతుంది.

మా వైపు ఎవరూ ఎవరినీ "ఇక మా ఇంటికి రాకు" అనరు. వచ్చిన మనిషి ఎంతకీ లేవకపోతే రెండు చేతులతో తొడలు చరుచుకుని "సరే మరి" అంటాం. అంతకంటే కఠినమైన మాట మాకు తెలియదు. అది విన్నాక కూడా కదలని మనిషిని ఏం చేయాలి?

మా పక్కింటి డెల్మర్ అలాంటి మనిషి. ఇరవై మూడేళ్ల స్నేహం మాది. నిరుడు జనవరిలో అతని భార్య ఐలీన్ పోయింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఐదున్నరకు, సరిగ్గా మా వంట బల్ల మీదికొచ్చే వేళకు, గడ్డి మీదుగా నడిచొచ్చేవాడు. చేతిలో ఏదో ఒక పానా ఉండేది. "ఇది నీదే కదా" అనేవాడు. నాది కాదు. అతనిదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఐలీన్ అయితే ఇందులో ఇంకాస్త ఉప్పేసేది" అనేవాడు, నార్మా ఓవెన్‌లో వండిన క్యాసరోల్ తింటూ. నార్మా ఏమీ అనుకోకుండా మరో గరిటె వడ్డించేది. నేను తొడలు చరుచుకునేవాణ్ణి. నా తొడలు కమిలిపోయాయి తప్ప డెల్మర్ లేచింది లేదు.

మనిషన్నవాడు ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు? పదహారు నెలలు ఓర్చుకుని, పదిహేడో నెలలో కంచెకు ఆర్డరిచ్చాను.

గ్యాస్ పైపు ఎక్కడుందో చూపే పసుపు జెండాలు మా పెరట్లో లేచాయో లేదో, డెల్మర్ గుంతలు తవ్వే మెషీన్ తోసుకుంటూ వచ్చేశాడు.

"మూడడుగులు తవ్వాలోయ్ గ్లెన్. తక్కువైందా, చలికాలం నేల గడ్డకట్టి స్తంభాన్ని పైకి తన్నేస్తుంది."

"నీకెందుకు శ్రమ?" అన్నాను.

"నాకు మాత్రం వేరే పనేముంది?"

నాలుగు రోజులు తవ్వాడు. వరస వంకర పోకుండా దారం తనే కట్టాడు, కాంక్రీటు తనే కలిపాడు. స్తంభాల మధ్య ఆఖరి పానెల్ దించేటప్పుడు అవతలి నుంచి పట్టుకున్నదీ తనే. దించాక అవతలే ఉండిపోయాడు. కంచె వెనక నుంచి రెండు చేతులు తొడల మీద పడిన చప్పుడు వినిపించింది.

"సరే మరి" అన్నాడు.

నాకు సిగ్గేసింది. కంచెను పొగడడానికి కూర్చున్నవాడు ఇది రాయకూడదు, కానీ నిజంగానే సిగ్గేసింది.

మర్నాటి నుంచి ఏమి ప్రశాంతత! గేటు వీధి వైపు ఉంది కాబట్టి డెల్మర్ రాదలుచుకుంటే రావచ్చు. కానీ మా ఊళ్లో వీధి వైపు నుంచి వచ్చేది సరుకులు అమ్మేవాళ్లూ, మతం మార్చేవాళ్లూ. ఇరుగుపొరుగు గడ్డి మీదుగానే వస్తారు. ఐదున్నరకు నేనూ నార్మా ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లం. ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"ఆయన ఏం తింటున్నాడో" అంది నార్మా ఓ సాయంత్రం.

"అతనికీ ఫ్రిజ్ ఉందిగా."

"ఉంది, ఫ్రిజ్ ఉంది" అంది. ఆ తరువాత రెండు రోజులు నాతో వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు.

ఇంత గొప్ప కంచెలో ఒకే ఒక్క చిక్కు వచ్చింది. గేటు వెడల్పు ముప్పై ఆరు అంగుళాలు. వెనక షెడ్డులో ఉండే నా గడ్డి కోసే బండి, మీద కూర్చుని నడిపేది, నలభై ఎనిమిది. ఆర్డరిచ్చేటప్పుడు మనుషులు పట్టే దారి కొలిచాను తప్ప బండిని కొలవలేదు. బండి పెరట్లో బందీ అయింది. ఇంటి ముందు గడ్డి మోకాళ్ల దాకా ఎదిగింది. గడ్డి కోయమని టౌన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

చివరికి కంచె దగ్గర నిలబడి పిలిచాను. "డెల్మర్, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను?"

సంగతి చెప్పాను. "నీ బండి ఎంతన్నావ్?" అని అడిగాడు. చెప్పాను. అవతల నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

మా ఇద్దరి మధ్య పానెల్ ఒకటి ఎత్తితే ఊడొచ్చేలా చేసింది డెల్మరే. ఎనిమిదడుగుల పొడవు, ఇద్దరు పట్టందే కదలదు. బండి అతని పెరట్లోంచి వీధి వైపుకు పోతుంది. జులై నుంచి ప్రతి శనివారం ఇదే వరస. పానెల్ తీయడానికి ఐదు నిమిషాలు, గడ్డి కోయడానికి ముప్పావుగంట, మళ్లీ పానెల్ పెట్టడానికి మాత్రం భోజనాలయ్యేదాకా పడుతోంది. క్యాసరోల్‌లో ఉప్పు ఇప్పటికీ తక్కువేనట.

కంచె కంపెనీ మనిషి ఫోన్ చేసి, గేటు వెడల్పు చేయడం ఒక్క పూట పని అన్నాడు. వద్దన్నాను. ఎందుకని నార్మా అడగలేదు.

ఇప్పుడు నవంబరు. వినైల్‌లో నాకు ఏ లోపమూ కనిపించలేదు. లోపమంతా గడ్డిలో ఉంది. అది ఎదగడం మానేసింది! ఏప్రిల్ దాకా ఎదగదు. ఐదు నెలలు ఒక మనిషి ఏం చేయాలి?

మొన్న శనివారం నేల రాయిలా ఉంది. ఉన్న కాస్త గడ్డీ ఎండి పండబారింది. నేను టోపీ పెట్టుకుని, బండి స్టార్ట్ చేసి, కంచె దగ్గరికెళ్లాను.

"డెల్మర్, పానెల్ పట్టాలోయ్."

చలికోటు తొడుక్కుంటూ వచ్చాడు. ఇద్దరం కలిసి పానెల్ తీశాం. అతను నా పెరటి గడ్డిని చూశాడు, బండిని చూశాడు, కాసేపు నన్ను చూశాడు.

"బాగా పెరిగింది. కోయకపోతే టౌన్ వాళ్లు ఊరుకోరు" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, మీరూ వినైల్ కంచె వేయించుకోండి. ఎవరేం చెప్పినా సరే, గేటు మాత్రం ముప్పై ఆరు అంగుళాలు దాటనివ్వకండి.