గోడ మీద ఇరవై అంగుళాలు

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆ ఆదివారం పొద్దున పేపరు చదివి, అదే కుర్చీలో మళ్ళీ ఓ కునుకు తీద్దామనుకున్నారు. మొదటి పేజీ తిప్పకముందే తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఫ్లాట్ల సంఘం ప్రెసిడెంటుగారు. ఆవిడది బీమా ఆఫీసులో ఉద్యోగం. ఎక్కడ నష్టం కనబడినా బాధ్యులెవరో తేల్చందే ముద్ద దిగదు.

మెట్ల పక్క గోడకి మొన్ననే తెల్లరంగు వేయించారు. రోజూ పొద్దున దాని మీద కుక్క ఉచ్చ మరక. భవనంలో ఉన్నవి రెండే కుక్కలు: మాస్టారి బుడ్డి, కింది వాటాలో దర్జీ పెంచుకునే ముసలి మగకుక్క. ఏది చేసిందని తేలితే అది సాయంత్రానికల్లా భవనం ఖాళీ చెయ్యాలని సంఘం తీర్మానించిందట.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. బుడ్డి జానెడు ఎత్తు, మూరెడు పొడవు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆరేళ్ళుగా అదే కూతురు.

"మా పిల్ల ఆడది మేడమ్. గుంజీ తీసినట్టు బుద్ధిగా కూర్చుని పోసుకుంటుంది. కాలెత్తి గోడలు తడపడం మగవెధవల పని."

"ఏమండీ, ఒక్క మాట" అంది లోపలినుంచి భార్య.

"నువ్వుండవే" అన్నారు మాస్టారు. ఆ కేకకి పై వాటాలో పాలు విరిగాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంతా కిందికి దిగారు. దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. మాస్టారు అతని చేతే కొలిపించారు. నేలనుంచి మరక పైఅంచు దాకా ఇరవై అంగుళాలు. బుడ్డి పాదం నుంచి వీపు దాకా తొమ్మిది. దర్జీ మొహం వాడిపోయింది. పాపం, అతని టేపే అతని మీద సాక్ష్యం చెప్పింది.

"మా ముసలోడికి పద్నాలుగేళ్ళండీ మాస్టారూ. నడుం పట్టేసి, కాలెత్తడం మానేసి రెండేళ్ళయింది."

నువ్వు మిషను తొక్కుతుంటే అది ఎక్కడెక్కడ ఏం తొక్కుతోందో నీకేం తెలుసని మాస్టారు కసిరారు. అంతటితో ఆగితే ఆయన మాస్టారెందుకవుతారు? ముప్పైయేళ్ళు వ్యాయామం బొమ్మలు గీసిన చెయ్యి. అట్ట తెప్పించి రెండు బొమ్మలు గీశారు. ఒకటో బొమ్మ ఆడకుక్క, చతికిలబడి. రెండో బొమ్మ మగకుక్క, కాలెత్తి. కింద ఒక ప్రతిజ్ఞ: ఆడకుక్క ఇరవై అంగుళాల ఎత్తున పోసినట్టు రుజువైతే గోడ నా చేతులతో కడిగి రంగేస్తాను, నా కుక్కని నేనే పంపేస్తాను.

"ఏమండీ, సంతకం పెట్టేముందు..."

"నువ్వుండవే, చెయ్యి కదులుతుంది."

సంతకం పెట్టి, అట్టని గోడకి అంటించి, ఇక రుజువు ఇక్కడే ఇప్పుడే అన్నారు. రెండు గిన్నెల నీళ్ళు తెప్పించి రెండు కుక్కలకీ తాగించారు. పాత ఈల మెడలో వేసుకుని పెరేడుకి నిలబడ్డట్టు నిలబడ్డారు. మూడోసారి భార్య చొక్కా పట్టుకు లాగింది. ఈసారి ఆయన నోటితో కూడా చెప్పలేదు, ఈల ఊదారు.

ముందు ముసలిది కదిలింది. గేటు పక్కకి వెళ్ళి, నడుం నెమ్మదిగా దించి, ఒకటో బొమ్మలో ఉన్నట్టే చతికిలబడి పోసుకుంది.

"నటన" అన్నారు మాస్టారు.

తర్వాత బుడ్డి లేచింది. గోడంతా వాసన చూసింది. గోడకి వెనుదిరిగి, ముందుకాళ్ళు నేలమీద బిగించి, వెనక కాళ్ళు రెండూ గోడమీదికి నడిపించింది. సర్కసు పిల్లలా ముందుకాళ్ళ మీద నిలబడి, తాపీగా పని కానిచ్చి, దిగి, తోక ఊపింది.

దర్జీ వెళ్ళి కొలిచాడు. "ఇరవై ఒకటి" అన్నాడు.

మాస్టారు భార్యవైపు తిరిగారు. "నీకు ముందే తెలుసా?"

"రోజూ పొద్దున దాన్ని తిప్పేది నేనేగా. పొట్టిదని ఎవరూ అనుకోకూడదట, గుర్తు పెద్దకుక్కల ముక్కుకి అందేంత ఎత్తున పెడుతుంది. ఆ రోషం ఎవరి దగ్గర నేర్చిందో మరి."

మాస్టారు బుడ్డిని చంకనెత్తుకున్నారు. ముప్పైయేళ్ళలో ఒక్క కుర్రాణ్ణి కూడా అంత తిన్నగా చేతులమీద నడిపించలేకపోయారు. దాన్ని ఎవరికివ్వాలో తోచక గేటుదాకా వెళ్ళి నిలబడిపోయారు. దర్జీ అడ్డం వచ్చాడు.

"పెంచుకున్నదాన్ని పంపెయ్యాలంటే ఎలా ఉంటుందో తెలిసిందిగా మాస్టారూ. చాలు. వెళ్ళి గోడ కడుక్కోండి."

ఫిర్యాదు చెయ్యవలసినవాడే వదులుకుంటే తనకేం పని అని ప్రెసిడెంటుగారు తీర్మానం కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. నడుం ఎత్తు దాకా ముదురు రంగు వేయమని మాత్రం చెప్పి వెళ్ళారు. మాస్టారు రెండు రోజులు వేశారు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆవిడ "ఏమండీ" అంటే చాలు, డ్రిల్లు మాస్టారు మడమలు రెండూ జోడించి నిలబడి వింటారు.