ఓటు పెట్టెలో చేపల చీటీ

"ఒరేయ్ కీత్, ఈ నగరం మొత్తానికి బుర్ర అనేది ఒక్కటే ఉంది. అది ఈ టోపీ కింద ఉంది. నేరం గడగడలాడుగాక!" అన్నాడు ఆస్వాల్డ్ ట్విగ్, టోపీని వేలితో టకటకా కొట్టుకుంటూ.

శుక్రవారం పొద్దున్న పదింటికి, ఓట్లు లెక్కపెట్టే స్పోర్ట్స్ హాలు గుమ్మంలో నిలబడి చేసిన ప్రకటన అది. అక్కడ గడగడలాడింది పోలీసాయన చేతిలో టీ కప్పు ఒక్కటే. అదీ చలికి.

మా ఆస్వాల్డ్ ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూశాడు. రిటైరైన మర్నాడే "అపరాధ పరిశోధకుడు" అని కార్డులు అచ్చువేయించాడు. ఇంతవరకు పట్టిన కేసులు రెండు. మొదటిది పక్కింటివాళ్ల కుక్క తప్పిపోవడం. అది ఆకలేసి తనే ఇంటికొచ్చింది. రెండోది ఏమిటయ్యా అంటే చెప్పడు, పరమ రహస్యమట. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి ఇవన్నీ నేను వినాలి.

ఆ రోజు అతన్ని వెంటబెట్టుకెళ్లింది మాత్రం నేనే. హిల్డా బ్రమ్మిట్ గారికి నేను ఎన్నికల ఏజెంటుని. లెక్కింపు బల్ల దగ్గర నిఘాకి ఒక మనిషి తక్కువయ్యాడు. నా బుద్ధి గడ్డి తిని ఇతన్ని పిలిచాను.

హిల్డా గారు ముప్పై ఒక్క ఏళ్లు కోల్డ్‌వెల్ వీధి కొలనులో పిల్లలకి ఈత నేర్పారు. మా వార్డులో సగంమంది ఆవిడ చేతుల్లో నీళ్లు మింగినవాళ్లే. ఆ కొలను మూసేసి కార్ల పార్కింగ్ కట్టాలని కౌన్సిల్లో కొందరి పట్టుదల. కిందటేడు అది ఒక్క సీటు తేడాతో ఆగింది. ఆ సీటు ఈవిడది. ఈసారి ఈవిడ ఓడితే జూన్ కల్లా కొలనుకి తాళం పడుతుంది. ఆవిడ మీద పోటీలో ఉన్నది క్రిస్పిన్ లాథమ్ ఒక్కడే. ఇళ్లు అమ్మిపెడుతూ కార్లు మారుస్తుంటాడు. పిల్లలు ఈదితే వాడికేమీ రాదు.

మా వార్డు పెట్టెలు నాలుగింట్లో ఆఖరిది బల్ల మీద బోర్లించారు. గుమాస్తాలు చకచకా లెక్కపెట్టారు.

"ఇచ్చినవి నాలుగువందల ఆరు. ఉన్నవి నాలుగువందల ఐదు. ఒకటి తక్కువ మేడమ్!"

రిటర్నింగ్ అధికారి మిసెస్ గార్‌సైడ్ కళ్లజోడు సవరించుకుంది. "ఏటా ఉండేదే. రాసుకుని ముందుకి పదండి."

"ఆగండి!" అన్నాడు ఆస్వాల్డ్. హాలు మొత్తం ఇటు తిరిగింది. "ఒక ఓటు మాయమైంది. ఇది తుఫాను ముందు నిశ్శబ్దం!"

"నువ్వు నిశ్శబ్దంగా ఉంటే చాలు బాబూ," అంది ఆవిడ.

ఇంతలో ఓ గుమాస్తా పిల్ల నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి విప్పి కిసుక్కున నవ్వింది. "మేడమ్, ఇది ఓటు కాదు. ఎవరిదో బజారు చీటీ." గట్టిగా చదివింది. "పొగచేపలు రెండు. పిల్లికి నులిపురుగుల మందు. కాలి ఆనెలకి పట్టీలు, పెద్ద సైజు. చాక్లెట్ బిస్కెట్లు వద్దు. మళ్లీ చెప్తున్నా, వద్దు."

అందరూ నవ్వారు. ఆస్వాల్డ్ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని మూలకి లాక్కెళ్లాడు.

"బజారు చీటీయట! పిచ్చి జనం. ఇది ఒక ముఠా నాయకురాలు తన అనుచరుడికి పంపిన ఆజ్ఞ."

"చేపలు తెమ్మనా?"

"చేపలంటే చేపలనుకున్నావా? నీలాంటివాళ్ల వల్లే దేశంలో నేరాలు పెరుగుతున్నాయి. ఆ అనుచరుడు ఎలాంటివాడో కాగితమే చెబుతోంది చూడు. ఒకమాటు చెబితే ఎక్కదు కాబట్టి రెండుసార్లు రాసింది. అంటే మందబుద్ధి. బిస్కెట్లు వద్దంది. అంటే తిండిపోతు. ఆనెలున్నాయి కాబట్టి కుంటుతాడు. ఇంట్లో పిల్లికున్న విలువ కూడా వాడికి లేదు. ఇలాంటి వెధవని ఎక్కడున్నా పట్టేస్తాను!"

"పట్టెయ్. ముందు ఆ బల్ల దగ్గర కూర్చుని ఓట్లు చూడరా బాబూ."

చూస్తేనా! రెండు గంటలసేపు హాల్లో కుంటేవాళ్ల కోసం తిరిగాడు. కర్ర పట్టుకున్న ఓ పెద్దాయన్ని మరుగుదొడ్డి దాకా వెంబడించాడు. చివరికి క్రిస్పిన్ లాథమ్ ఎడమ కాలు ఈడుస్తున్నట్టు కనిపెట్టాడు.

"మిస్టర్ లాథమ్, బూటు విప్పండి!"

"ఏమిటీ?"

"నిర్దోషి అయితే భయమెందుకు? విప్పండి!"

అవతల స్థానిక పత్రిక ఫోటోగ్రాఫరు ఉన్నాడు. విప్పనంటే తప్పు చేసినట్టు కనబడుతుందని లాథమ్ నిజంగానే విప్పాడు. మేజోడు కూడా లాగాడు. కొత్త బూటు కరిచిన పుండు ఉంది, ఆనె మాత్రం లేదు. ఫోటోగ్రాఫరు టకటకా నాలుగు ఫోటోలు తీశాడు. ఆ పాదాన్ని భూతద్దంలోంచి చూస్తున్న ఆస్వాల్డ్ కూడా వాటిలో పడ్డాడు. నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడమీది బాస్కెట్‌బాల్ నియమాలు చదువుకున్నాను.

పన్నెండున్నరకి లెక్క తేలింది. హిల్డా బ్రమ్మిట్, ఎనిమిది వందల పన్నెండు. క్రిస్పిన్ లాథమ్, ఎనిమిది వందల పన్నెండు. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ అంతే.

"చీట్లు వేసి తియ్యాల్సిందే," అంది మిసెస్ గార్‌సైడ్.

హిల్డా గారు కుర్చీలో కూలబడ్డారు. "ముప్పై ఒక్క ఏళ్లు కీత్," అన్నారు మెల్లగా. "చివరికి లాటరీ." ఆ తగ్గిన ఒక్క ఓటు మాదే అయ్యుంటే ఈపాటికి ఇంటికెళ్లి పండగ చేసుకునేవాళ్లం.

అప్పుడే టీ కప్పులు ఏరుకోవడానికి ఈనిడక్క వచ్చింది. ఈవిడ ఆస్వాల్డ్‌కి అక్క, అతనుండేది ఈవిడ ఇంట్లోనే. ఆ రోజు హాల్లో టీ బల్ల ఈవిడదే. కప్పులు తీస్తూ పక్కన పడేసిన చీటీ చూసింది.

"ఇది నా చీటీ కదూ! ఇక్కడికెలా వచ్చింది?"

ఆస్వాల్డ్ రెండు చేతులూ ఎత్తాడు. "ముఠా నాయకురాలు దొరికింది! సొంత అక్కయినా సరే, చట్టం ముందు..."

"నీ మొహం ముందు! నిన్న ఓటేసి అటునుంచటే చేపలు తెమ్మని చేతికిస్తే, ఉత్త చేతులతో వచ్చి శత్రువులు చీటీ కాజేశారన్నావు. పొద్దుట్నించీ పిల్లి నన్ను పీక్కు తింటోంది. పెట్టెలో వేశావురా దద్దమ్మా? మరి ఓటేదీ?"

అంటూనే అతని కోటు జేబులో చెయ్యి పెట్టింది. బిస్కెట్ పొట్లం బయటికొచ్చింది, చాక్లెట్‌వే. దాని వెనకాలే నాలుగు మడతల కాగితం. ఈనిడక్క దాన్ని విప్పింది.

మాయమైన ఓటు అదే. గుర్తు లాథమ్ పేరు ఎదురుగా ఉంది.

"ఒరేయ్ ద్రోహీ! లాథమ్‌కి వేశావా?" అన్నాను.

"వెయ్యడమేమిట్రా, కొట్టేశాను!" అన్నాడు ఆస్వాల్డ్ నిండు గర్వంతో. "ఎవడు వద్దో వాడి పేరుకి ఇంటూ. బళ్లో తప్పు లెక్కకి మాస్టారు ఇంటూ పెట్టలేదూ? నలభై ఆరేళ్లుగా దుర్మార్గుల్ని ఇలాగే ఏరిపారేస్తున్నాను."

"కావలసినవాళ్ల పేరుకే ఇంటూ పెట్టమని గోడ మీద ఇంత లావు అక్షరాల్తో రాసి ఉంటుంది కదరా!"

"సూచనలు సామాన్యులకి."

నలభై ఆరేళ్లు! ఇతను గట్టిగా తిట్టిన ప్రతివాడికీ వెళ్లి ఓటేసి వచ్చాడన్నమాట.

"గడప దాటిన ఓటు చెల్లదు," అని మిసెస్ గార్‌సైడ్ ఆ కాగితం తీసి కవర్లో పెట్టింది. "ఫలితం మారదు. చీట్లు తీద్దాం."

రెండు పేర్లూ ఒకేలాంటి కాగితాల మీద రాసి, మడిచి, ఖాళీ పెట్టెలో వేసి కుదిపారు. ఆవిడ కళ్లు పక్కకి తిప్పుకుని ఒకటి తీసింది. హిల్డా గారు నా వేళ్లు విరిగేలా పట్టుకున్నారు.

"హిల్డా బ్రమ్మిట్!"

హాలు దద్దరిల్లింది. నేను ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. లాథమ్ ఒక బూటుతోనే బయటికి నడిచాడు.

గెలిచినవాళ్లు వేదిక ఎక్కి కృతజ్ఞతలు చెప్పుకోవడం మా ఆనవాయితీ. హిల్డా గారు ముందు అధికారికి, తర్వాత గుమాస్తాలకి, పోలీసాయనకి, టీ పోసిన ఈనిడక్కకి వరసగా చెప్పారు.

"నాకు ఓటేసిన ఎనిమిది వందల పన్నెండు మందికీ దండాలు," అన్నారు. తర్వాత ఆస్వాల్డ్ వైపు తిరిగారు. "ఎవరికీ వెయ్యలేకపోయిన ఆ ఒక్క పెద్దమనిషికి మాత్రం జన్మంతా రుణపడి ఉంటాను."

చప్పట్లు మోగాయి. ఆస్వాల్డ్ టోపీ తీసి నాలుగు దిక్కులకీ వంగి నమస్కరించాడు.

"చూశావురా కీత్?" అన్నాడు నా చెవిలో. "కేసు పట్టేశానని అందరికీ తెలిసిపోయింది."