మూడో అంతస్తు మోకాళ్లు

సింధూరికి అన్నిటికన్నా పెద్ద భయం, అమ్మ మోకాళ్లు తనకూ వస్తాయని.

అమ్మ వాసవాంబకు కీళ్లవాతం. షావుకారుపేట నుంచి పెరంబూరుకు ఆటోలో వస్తుంది కానీ, కూతురి ఇంటి మెట్లు ఎక్కలేదు. సింధూరే బిడ్డను చంకనేసుకుని మూడంతస్తులూ దిగివచ్చి, ఆటోలో అమ్మ పక్కన కూర్చుంటుంది. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ వింటుండగా కష్టసుఖాలు చెప్పుకోవాలి. బిడ్డ పుట్టాక అమ్మ ఒక్కసారైనా తన వంటింట్లోకి వచ్చి "సాంబారు నీళ్లగా ఉందే" అని తిట్టలేదు. ఆ తిట్టు కోసం సింధూరి మొహం వాచి ఉంది.

ఆ శనివారం ఉదయం అనుకున్నదల్లా బిడ్డకు తలంటి, బట్టలు ఆరేయాలని. కింద ఏదో ఆస్పత్రివాళ్లు ఊరికే కొవ్వు కొలుస్తున్నారంటే, బట్టల బకెట్టు వదిలేసి దిగింది.

టేపు పట్టుకున్న పిల్ల పేరు జెబ. "పైట జరపండక్కా, నడుము కొలవాల" అంది. వెనక మగవాళ్లు వరుసలో ఉండగానా! "పైనుంచే కొలువుమ్మా" అంది సింధూరి. టేపు కుచ్చిళ్ల మీదుగా, దోపుకున్న సెల్‌ఫోను మీదుగా, బిడ్డ మూతి తుడిచే గుడ్డ మీదుగా చుట్టివచ్చింది. తర్వాత కొవ్వు లెక్కగట్టే మిషను ఎక్కమన్నారు. చెప్పులు విప్పింది. బిడ్డను మాత్రం దించలేదు. కొత్తచోట దించితే ఏడుస్తాడు. జెబ అప్పటికే వెనకవాళ్ల పేర్లు రాసుకుంటోంది.

"నలభై ఎనిమిది పర్సెంటు" అంది జెబ, మిషను వైపు చూసి.

పదో తరగతి మధ్యలో చదువాగిన సింధూరికి ధైర్యం వచ్చింది. "ముప్పై అయిదు దాటితే పాసు కదా?"

"ఇది ఒంట్లో కొవ్వక్కా. తక్కువొస్తేనే పాసు. ఎక్కువైతే మోకాళ్లకు బరువు, కీళ్లవాతం వచ్చే చాన్సు ఎక్కువ."

'చాన్సు' అన్నది సింధూరి బుర్రకెక్కలేదు. రెండో అంతస్తు చేరేసరికి కుడి మోకాలు కలుక్కుమంది. మెట్టు మీదే కూలబడి ఏడ్చింది.

ఆ అంతస్తులో ఉండే మునియక్క పరుగున వచ్చింది. "ఏమ్మే, ఈడ కూచున్నావు?"

"మోకాళ్లు పోయినాయక్కా."

ఇక మునియక్క కదలనివ్వలేదు. బిడ్డను లాక్కుని, మోకాళ్లకు ఆముదం పట్టించి, "లేచినావంటే సూడు!" అని బెదిరించింది. అంబత్తూరు కంపెనీ నుంచి భర్త విజయకుమార్ ఫోన్ చేస్తే తనే ఎత్తింది. "నీ పెండ్లాం మెట్ల మీదుంది నాయనా. లేయలా." లేవనివ్వనిది ఎవరో చెప్పలేదు. అతను అక్కడి నుంచే అత్తగారికి చేశాడు. "అత్తా, సింధూరికి రెండు కాళ్లూ పడిపోయినాయంట!"

మధ్యాహ్నం కింద ఆటో ఆగింది. కాసేపటికి మెట్ల మీద ఒక అడుగు, ఒక మూలుగు, కమ్మీకి తగిలిన గాజుల చప్పుడు.

"అమ్మా! నువ్వా?"

"కాదు, కార్పొరేషనోళ్లు. కాళ్లు చాపు. నొప్పి యాడ?"

"ఆడ... కాదు, ఈడ... ఇప్పుడు తెలీలా."

కథంతా విని వాసవాంబ నెత్తి కొట్టుకుంది. "బిడ్డని చంకనేసుకోని మిషనెక్కితివా? ఆ కొవ్వులో సగం నా మనవడిది! మిగతాది నీ కుచ్చిళ్లది! దీనికి నా పానం తీస్తివే!"

మునియక్క ఆముదం సీసా కొంగులో దాచుకుంది. సింధూరి నవ్వి, వెంటనే ఏడ్చి, లేచి నిలబడి, అమ్మను పట్టుకుని మిగిలిన అంతస్తూ ఎక్కించింది. అద్దె చక్రాల కుర్చీని నెత్తిన మోసుకుంటూ వచ్చిన విజయకుమార్‌కు భార్య ఎదురొచ్చి తలుపు తీసింది. మోసుకొచ్చినందుకైనా ఆ కుర్చీలో వాసవాంబ కూర్చుంది. వంటింటి నడిమధ్య, బిడ్డను ఒళ్లో పెట్టుకుని. సింధూరి పొయ్యి మీద సాంబారు పెట్టి, కావాలనే ఇంకో గ్లాసు నీళ్లు పోసింది.

సాయంత్రం బయలుదేరి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వాసవాంబ కెవ్వుమంది. ఎక్కడం కన్నా దిగడమే గండమని మోకాళ్లు అప్పుడు చెప్పాయి. "అయ్యో" అంటూనే సింధూరి పరుపు దులిపింది. సంతోషం కనపడకుండా గోడవైపు తిరిగి దులిపింది. వాసవాంబ ఇప్పటికీ కూతురి ఇంట్లోనే ఉంది.

ఆమె భర్త కోదండరాంగారు షావుకారుపేటలో ఒక్కరే ఉన్నారు. కాఫీ తానే పెట్టుకుంటున్నానని ఫోన్లో గొప్పగా చెప్పారు కాబట్టి, అటువైపు వెళ్లేవాళ్లు స్టవ్వు కట్టేశారో లేదో ఒకసారి చూసి రండి.