హన్నమ్మ మోకాల్లో సర్కారు సూది

సూది గుచ్చాలంటే లైసెన్సు ఉండి తీరాలి! ఈ మాట అంటే మా వీధి వాళ్ళంతా నా మీద విరుచుకుపడతారని తెలుసు. అందుకే వీధిలో అనకుండా ఇక్కడ రాస్తున్నాను.

మీరే చెప్పండి. లైసెన్సు లేకుండా గుచ్చేవాళ్ళ వల్ల ఈ దేశం ఎంత నష్టపోయింది? తేలు ఏ కాలేజీలో చదివింది? కందిరీగ ఏ ఆఫీసులో పేరు రాయించుకుంది? ఇక దోమ సంగతి అడగనే అక్కర్లేదు. పేషెంటు వద్దు మొర్రో అంటున్నా ఇంటికొచ్చి గుచ్చిపోతుంది! ఇంత అరాచకాన్ని అరికట్టాలంటే సర్కారు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా? నకరికల్లులో నూర్ మొహమ్మద్ దగ్గర మొదలుపెట్టింది. తప్పేముంది?

నూర్ మొహమ్మద్ హైదరాబాదులో ఎవరో పెద్దాయన దగ్గర చైనా సూదుల వైద్యం నేర్చుకొచ్చి, బస్టాండు పక్కన గది అద్దెకు తీసుకున్నాడు. పాపిడి తీసి నున్నగా దువ్వుకుని తెల్లకోటు వేసుకునేవాడు. మెడలో స్టెతస్కోపు లేదన్న దిగులుతో, టైలరైన వాళ్ళ నాన్న టేపును వేలాడేసుకునేవాడు. సూదులు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. గుచ్చి కాసేపు వదిలేస్తాడు, అంతే. మందు లేదు, బిళ్ళ లేదు.

అతని బోర్డు రాసిన పెయింటరుకు ఆక్యుపంక్చర్ అనే మాట కొత్త. 'ఆకు' అని రాసి, ఊపిరి పీల్చుకుని, కాస్త దూరంగా 'పంక్చర్' అని రాశాడు. మధ్యలో బోసిగా ఉందని ఒక తమలపాకు బొమ్మ కూడా వేశాడు.

ఇంకేముంది! మొదట వచ్చిన పేషెంట్లంతా సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారు. పక్కనే సైకిల్ షాపు పెట్టుకున్న యల్లమందకు ఒళ్ళు మండింది. "పంపు లేదు, నీళ్ళ తొట్టి లేదు, ఈడు పంక్చర్లు ఏస్తాడంట!" అని పైకి అర్జీ పెట్టాడు.

మన ప్రభుత్వ యంత్రాంగం తెలివి చూడండి! అర్జీ ముందు ఆరోగ్యశాఖకు వెళ్ళింది. మందు లేనిది వైద్యమే కాదు, మాకు సంబంధం లేదన్నారు వాళ్ళు. ఆకు ఉంది కదా అని అడవుల శాఖకు పంపారు. తమలపాకు అడవిలో పెరగదన్నారు వీళ్ళు. ఇక మిగిలింది పంక్చర్. అందుకని ఫైలు బ్రేక్ ఇన్‌స్పెక్టరు చేతికి వచ్చింది. ఇంతకంటే సక్రమంగా మీరైనా, నేనైనా ఆలోచించగలమా?

ఈలోగా మా నాయనమ్మ హన్నమ్మ నూర్ మొహమ్మద్ చేతిలో పడింది. ఆమెకు మోకాలు పట్టేసింది. చర్చిలో అందరూ మోకరిస్తే ఆమె ఒక్కతే కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేది. వెనక వరసలోంచి పున్నమ్మ ఊరుకుంటుందా?

"మా హన్నక్క దేవుడి ముందు గూడా కలెక్టరమ్మ మాదిరి కుర్చీ ఏయించుకుంటది!"

ఆ మాట మోకాలి నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి మోకరించి తీరాలని నాయనమ్మ పంతం పట్టింది. తోడుగా నన్ను తీసుకుని నకరికల్లు బస్సెక్కింది.

"నొప్పి మోకాల్లో ఉంటే చెవిలో గుచ్చుతావేందయ్యా?" అంది మొదటిరోజు.

"బల్బు ఎలగాలంటే స్విచ్చి ఏడ నొక్కుతారు పెద్దమ్మా? బల్బు మీదనా?"

నాయనమ్మ ఆలోచించి, రెండో చెవి కూడా చూపించింది.

సూదుల మహిమో, పున్నమ్మ మాట మహిమో నేను చెప్పలేను గానీ, కొద్ది రోజుల్లో మోకాలు సగం దాకా వంగింది. ఇంకొక్క సగం వంగితే చాలు. సరిగ్గా ఆ మిగిలిన సగం కోసం ఈసారి మోకాల్లోనే సూదులు గుచ్చించుకుని పడుకున్నప్పుడు, బయట జీపు ఆగింది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ధనుంజయరావు గారు లోపలికి వచ్చి అటూ ఇటూ చూశారు.

"గాలి పంపు ఏదయ్యా?"

"ఇక్కడ గాలి కొట్టం సార్, తీస్తాం. కడుపుబ్బరానికి గూడా సూదులున్నయ్యి."

ఆయనకు నవ్వు రాలేదు. అనుమతి వచ్చేదాకా షాపు మూసెయ్యాలని, సూదులన్నీ సీజ్ చేశానని, ముట్టుకుంటే కేసేనని చెప్పారు.

"పెద్దమ్మ మోకాల్లో ఉన్నయ్యి గూడానా సార్?"

"అవీ సీజే."

"మరి మీరన్నా పీకండి."

"నా పవర్ బండ్ల మీదయ్యా, మనుషుల మీద కాదు!"

చూశారా, ఎంత నిజాయితీ! తనది కాని అధికారం చేతికి అందుతున్నా ముట్టుకోని ఆఫీసర్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు? ఆ మోకాల్లోంచి సూదులు తీసే హక్కు సర్కారు డాక్టరుకే ఉందని ఆయన తేల్చారు.

"మీ ఊళ్ళో సర్కారు ఆసుపత్రి ఉందిగా?" అన్నారు నాయనమ్మతో.

"ఉంది నాయనా. కట్టినకాడ నించీ ఉంది."

జీపు ముందు సీట్లో నాయనమ్మను కాలు చాపి కూర్చోబెట్టారు. కుదుపు వచ్చినప్పుడల్లా మోకాల్లో సూదులు గోధుమ గడ్డిలా ఊగుతున్నాయి. దారిలో వాళ్ళంతా ఆమెను అరెస్టు చేశారనుకున్నారు. ఎందుకైనా మంచిదని కొందరు దండం పెట్టారు.

మా ఆసుపత్రి గురించి కూడా చెప్పాలి. దాని చుట్టూ ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా పెరిగే ముళ్ళచెట్లున్నాయి. వాటిని మా వైపు సర్కారు తుమ్మ అంటారు. గేటు దాటాయి, మెట్లెక్కాయి, తలుపు తాళాన్ని కూడా వాటేసుకున్నాయి. డాక్టరు గారు రాకపోయినా అవి మాత్రం ఒక్కరోజూ సెలవు పెట్టలేదు.

జీపు ఆ కంప మీదకు ఎక్కింది. బుస్సుమంది. ఒక పక్కకు ఒరిగింది.

ధనుంజయరావు గారు దిగి టైరు చూశారు. తలుపు తాళం చూశారు. మళ్ళీ టైరు చూశారు.

"ఇక్కడ పంక్చర్ షాపు ఎక్కడుందమ్మా?"

"ఇందాకేగా నాయనా మూసేసొచ్చావు!" అంది నాయనమ్మ.

తర్వాత ఆమె డాక్టరు కోసం చూడలేదు. మిరపనారు పీకినట్టు సూదులు ఒక్కొక్కటే పీకి, "ఇయ్యిగో నీ సొత్తు" అని ఇన్‌స్పెక్టరు గారి అరచేతిలో పోసింది. దిగి కుంటుకుంటూ ఆ తలుపు ముందుకు వెళ్ళింది. కోపంలో మోకాలి సంగతి మరిచిపోయినట్టుంది. అక్కడే పూర్తిగా మోకరించింది!

"తండ్రీ, ఈ తాళం తీసేవాణ్ణి ఒక్కణ్ణి పంపవయ్యా!"

మోకాలు వంగింది! నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలోనే ఆమె కెవ్వుమంది. సర్కారు తుమ్మ ముల్లు, సరిగ్గా చిప్ప పక్కన దిగింది. లాగితే సగం వచ్చింది. కొస లోపలే విరిగింది.

కాబట్టి పాఠకులారా, సర్కారు వైద్యం పల్లెలకు అందడం లేదని ఇక ఎవరూ అనకండి. మా నాయనమ్మకు అందింది. పైగా అది అన్ని అనుమతులూ ఉన్న సూది! దానికి బోర్డు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, దాని మీద అర్జీ తీసుకునే శాఖ లేదు. నూర్ మొహమ్మద్ గదికి ఒక్క పూటలో తాళం వేయగలిగిన వాళ్ళకు, ఆసుపత్రి తాళం తీసే తీరిక ఎలా ఉంటుంది చెప్పండి?

మట్టల ఆదివారం రానే వచ్చింది. అందరూ మోకరించారు. నాయనమ్మ వాచిన మోకాలితో, చేతిలో మట్ట పట్టుకుని కుర్చీలోనే కూర్చుంది.

ప్రార్థన అయ్యాక పున్నమ్మ వెనక నుంచి వంగింది. "ఏందక్కా, సూదులు ఏయించుకున్నా వంగలా?"

"ఇది సాయిబు సూది కాదే, సర్కారు సూది" అంది నాయనమ్మ తలెత్తి. "చానా బలమైంది. లోపలే ఉంచుతారు."

పున్నమ్మ ముఖం చిన్నబోయింది. ఇంకాస్త ముందుకు వంగి మెల్లగా అడిగింది. "నాగ్గూడా నడుము పట్టేసిందక్కా. నాకూ ఏస్తారా?"

"ఎందుకు ఎయ్యరూ? పొయ్యి ఆసుపత్రి గుమ్మం కాడ కూసో. డాక్టరుతో పన్లేదు."